గుట్టు కూటమి

నేను ఒక సెల్‌ఫోనును. ఇప్పుడు నాలో మాటా లేదు, వెలుగూ లేదు. అయినా పని ఉంది. సాలూరులో ఒక కుట్టు మిషను బల్ల మీద, కత్తిరించాల్సిన కాగితం ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా నన్ను బరువు పెడతారు. ఎక్కడెక్కడి మాటలో మోసినదాన్ని, ఒక కాగితం మొయ్యలేనా?

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నాలాంటివాళ్లు వేలమంది. అందరిదీ ఒకటే ముఖం. సాలూరు వచ్చాకే నాకంటూ ఒక ముఖం ఏర్పడింది. ఒక మూల గీత, వెనక పసుపు మరక, ఛార్జింగు రంధ్రంలో దారప్పోగులు. నన్ను కొన్నది హైస్కూలు తెలుగు మాస్టారు. కొన్నది భార్య విశాలాక్షి కోసం.

విశాలాక్షికి కుట్టు నేర్పినవాళ్లు లేరు. నాలో వీడియోలు పెట్టుకుని తనే నేర్చుకుంది. వీడియోలో నేర్పే ఆవిడ "చూశారు కదా" అంటే ఈవిడ బుద్ధిగా తల ఊపేది. చేతి నిండా గుడ్డ ఉంటే మోచేత్తో నన్ను ఆపేది. మనుషులు నాతో ఎంత మర్యాదగా ఉంటారో, ఎంత మోటుగా ఉంటారో రెండూ ఆవిడ దగ్గరే చూశాను.

కొన్నాళ్లకు వీధిలో మరికొందరు ఆడవాళ్లు మాకూ నేర్పమన్నారు. "నేనూ నేర్చుకుంటున్నదాన్నే, కలిసి నేర్చుకుందాం" అని వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. చేతులు ఖాళీ లేక పేరు నోటితో చెప్పింది. కుట్టు కూటమి అంది. పక్కన మిషను నడుస్తోంది. నాకు గుట్టు కూటమి అని వినిపించింది. అలాగే రాశాను.

గ్రూపులో చేరిన సన్యాసమ్మ భర్త లారీ డ్రైవరు. భార్య ఫోనులో ఆ పేరు చూసి, "ఏటే ఆ గుట్టు? మగోళ్ల మీద సెప్పుకుంటన్నారా?" అని అడిగాడట. "మీ మీద సెప్పుకోడానికేటుంది, సొక్కా కొలతలు తప్ప" అందట ఆవిడ. అది విని గ్రూపంతా నవ్వింది. పేరు అలాగే నిలిచిపోయింది.

నిజానికి అంత గుట్టు లేని గ్రూపు మరొకటి ఉండదు. ఎందుకంటే అక్కడ ఒక పద్ధతి ఉండేది. సందేహం అడగాలంటే ముందు తానుగా ప్రయత్నించి, పాడుచేసిన ముక్క ఫొటో పెట్టాలి. ముక్క పెట్టకుండా అడిగితే విశాలాక్షి జవాబిచ్చేది కాదు. మనుషులు నాలో పెట్టే ఫొటోలన్నీ బాగున్నవే. ఈ గ్రూపులో మాత్రం వంకర మెడలు, పిగిలిన చంకలు, ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అయిన జేబులు. వాటికింద జవాబులు, వేళాకోళాలు. అలా ఒకరికొకరు నేర్పుకున్నారు.

తరువాత విశాలాక్షికి జబ్బు చేసింది. వానాకాలం వెళ్లేలోగా ఆవిడ వెళ్లిపోయింది.

మాస్టారు నన్ను బీరువాలో పెట్టలేదు. రోజూ ఛార్జింగు పెట్టేవారు. ఎందుకు పెడుతున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. గ్రూపులో అంతా మౌనం. ఒకరోజు బడి నుంచి వచ్చి నన్ను తెరిచి, "ఆవిడ లేరు కనుక ఈ గ్రూపును మూసివేస్తున్నాను" అని రాశారు. "కనుక" అన్న మాట తీసేశారు. మళ్లీ పెట్టారు. ఇంకా పంపలేదు. ఇంతలో ఒక ఫొటో వచ్చి పడింది.

అది పైడితల్లిది. గ్రూపులో అందరికన్నా ఆఖరున చేరిన మనిషి. చిన్నపిల్లల బడివాళ్లు డాన్సు జాకెట్లు కుట్టమని గుడ్డ ఇచ్చారు. బయటినుంచి వచ్చిన మొదటి పని. కత్తిరించి, అతికి చూస్తే జాకెట్టు కుడిచెయ్యి ముందువైపు పట్టేస్తోంది. వేరే గుడ్డ లేదు. ఇది పాడైతే మళ్లీ ఎవరూ పని ఇవ్వరని ఆమె భయం. ఫొటో కింద ఆమె గొంతు వినిపించింది.

"అమ్మగోరు లేరని తెలుసండి. అయినా పాడైన ముక్క పెట్టాల గదా, అది మన రూలు. పెట్టినాను. ఎవులైనా సూడండి."

విశాలాక్షి చోట ముందుగా మాట్లాడడానికి అందరికీ సంకోచం.

అడిగిన ప్రశ్నను గాలికి వదిలేయడం మాస్టారికి చేతకాదు. కుట్టు ఆయనకు బొత్తిగా రాదు. విశాలాక్షి దాచిన జాకెట్టు చేతి నమూనా తీసి, పాత పేపరు మీద పెట్టి గీసి, కత్తిరించారు. పక్కనే పెట్టి ఇంకొకటి కత్తిరించారు. రెండూ ఎంతో శుభ్రంగా వచ్చాయి. ఫొటో తీసి గ్రూపులో పెట్టి, "నాకు తెలియలేదమ్మా. ఇది నా ముక్క" అని రాశారు.

కాసేపటికి సన్యాసమ్మ గొంతు వచ్చింది. "మాస్టారూ, తమరికి రెండూ ఎడం సేతులేనండి."

ఆ తరువాత నాకు ఊపిరి ఆడలేదు. ఇన్నాళ్ల మౌనం ఒక్కసారిగా పగిలింది. చేతికి ముందువైపు లోతెక్కువ ఉంటుందని ఒకరు, రెండోది కత్తిరించేటప్పుడు నమూనా తిరగెయ్యాలని ఒకరు, అమ్మగోరు ఉంటే మాస్టారిని గోడకుర్చీ వేయించేవారని ఒకరు. మాస్టారు ఒక్కొక్కటే విన్నారు. మధ్యలో కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తన పేపరు చెయ్యి ఒకటి తిరగేసి చూశారు. అది కుడిచెయ్యి అయింది. ఆ ఫొటో కూడా పెట్టారు.

అప్పుడు పైడితల్లి అంది: "నాకూ రెండూ ఎడం సేతులేనండి, గుడ్డ కలిసొస్తాదని పక్కపక్కన కోసినాను. ఈ గుడ్డకి లోపలా బయటా ఒకటే. తమరి పేపరు లాగే తిరగేసి కుట్టెస్తాను."

తిరగేసి కుట్టింది. పిల్లలు చేతులెత్తి ఆడిన వీడియో నాలోకే వచ్చింది. మాస్టారు రాసి ఉంచిన వాక్యం పంపలేదు. చెరిపేశారు.

ఆ తరువాత నా బ్యాటరీ ఉబ్బింది. దాన్ని తీసేశారు. గ్రూపు కొత్త ఫోనులోకి మారింది. మాస్టారు ఇప్పుడు దిండు గలీబులు కుడతారు. వాటి మూలలు కుదరవు. ఫొటోలు పెడతారు, తిట్లు తింటారు.

మొన్న పైడితల్లి ఇంటికే వచ్చి, ఆ కుదరని మూల విప్పి చూపిస్తూ అడిగింది. "మాస్టారూ, గ్రూపు పేరు తప్పు గదండి. తెలుగు మాస్టారు, తమరైనా దిద్దరేటండి?"

బడిలో ఒక్క ఒత్తు పోయినా ఎర్రసిరాతో సున్నా చుట్టే మనిషి. నన్ను పక్కకు జరిపి, కాగితం సరిచేసి, మళ్లీ నన్ను దాని మీద పెట్టారు.

"అది తప్పు కాదమ్మా, పేరు" అన్నారు.