నిండుకున్నది

మా ఇంట్ల "లేదు" అనే మాట అనం. బియ్యం అయిపోతే నిండుకున్నయి అంటం. నూనె అయిపోతే నిండుకున్నది అంటం. దీపం ఆరితే కొండెక్కింది అంటం. మా అత్త నేర్పింది గీ మాటలన్నీ. కాపురానికొచ్చిన కొత్తల ఒకపారి పొయ్యి కాడ కూసొని "ఉప్పు లేదత్తా" అన్న. గరిటె తోని నెత్తి మీద ఒక్కటిచ్చింది. "ఇంట్ల లేదు లేదు అంటే నిజంగనే లేకుంట పోతది, జాగ్రత్త" అన్నది. గప్పటి సంది ఆ మాట నా నోట్లకెల్లి ఎల్లలే.

గా మాట అనకపోయినందుకే మొన్న నా నామినేషన్ పోయేటట్టయింది.

నా పేరు బస్వమ్మ. జహీరాబాద్‌ల హైవే పక్క బస్తి మాది, కిరాయి ఇల్లు. అల్లం మండీల అల్లం కడిగే పని చేస్త. పొద్దంత నీళ్లల్ల నిలవడీ నిలవడీ మోకాళ్లు పట్టుకపోయినయి. కౌన్సిలర్‌గిరి మీద నాకేం మోజు చెప్పున్రి? ఇంటికొచ్చి ఇంత తిని నడుం వాలిస్తే చాలనిపిస్తది.

కాని బస్తి ఎనుక మావోళ్లను పూడ్చే బొందలగడ్డ ఉన్నది. మా ఆయన మల్లప్ప ఆడనే ఉన్నడు, రోడ్డు దిక్కు గోడ పక్కన. ఆ జాగ మీద అల్లం సేటు రేవణసిద్ధప్ప కన్ను పడ్డది. లారీలు నిలపనీకె గావాల్నట. "పాత బొందలు, ఎవలొచ్చి చూస్తున్నరు" అని అందరి తోని అంటుండు. ఈసారి మా వార్డు ఆడోళ్లకొచ్చింది. ఆయన పెండ్లాం భవానిని నిలవెట్టిండు. ఇంకెవలూ నిలవడొద్దని ఇల్లిల్లు తిరిగిండు. పోటీ పడకుంట గెలిస్తే మొదటి మీటింగ్‌లనే తీర్మానం పెట్టి ఆ జాగ రాయించుకుంటడని బస్తి మొత్తానికి ఎరుకే. మొగోళ్లు ఒక్కొక్కడు తలకాయ దించుకున్నడు. నాకు మండింది. "థూ, మీ మీసాలు పాడుగాను" అని నేనే పోయి కాగితం తెచ్చుకున్న.

కాగితం నింపనీకె అజ్మల్ దగ్గరికి పోయిన. మున్సిపల్ ఆఫీసు ఎదురుంగ ఆయనది జిరాక్స్ దుకాణం. మంచోడు, కాని ఉర్దూ మీడియంల చదివినోడు.

"అమ్మా, ఇది ఆస్తుల కాగితం. ఎవలు నిలవడ్డా వాళ్లకేమున్నదో, ఏం బాకీ ఉన్నరో ప్రమాణం చేసి రాయాలె. ఒక్క డబ్బా గూడ ఖాళీ పెట్టొద్దు, పెడితే కొట్టేస్తరు" అన్నడు. "బంగారం?"

"నిండుకున్నది బిడ్డా."

"బ్యాంకుల పైసలు?"

"నిండుకున్నయి."

"జమీన్?"

"నిండుకున్నది."

కలం ఆపి నా మొఖం చూసిండు. "యా అల్లా! అమ్మా, అన్నీ ఫుల్లా? మరి చెప్పుకు పిన్నీసు ఎందుకు పెట్టుకున్నవ్?"

నాకు నవ్వొచ్చింది. "ఎక్కువ మాట్లాడకు, నేను చెప్పినట్టు రాయి" అన్న.

"నాకేంది, నీ మాట, నీ దస్కత్" అని అన్ని డబ్బాలల్ల అదే రాసిండు. భర్త అన్న కాడ మల్లప్ప పేరు రాయించి, ఆయన ఆస్తి కాడ గూడ నిండుకున్నది అనే రాయించిన. కాగితం గురించి ఇంక ఫికర్ పడలే.

కాగితాలు చూసే దినం ఆఫీసుల కూసున్నం. ఎలక్షన్ మేడమ్ కండ్లు ఎర్రగున్నయి, పాపం ఎప్పటి సంది నిద్ర తక్కువనో. ముందుగాల భవానిది తీసింది. రెండు ఇండ్లు, ఒక గోదాం, లారీలు, బంగారం అని సదువుతున్నది. భవాని మొగుని దిక్కు తిరిగి "ఇవన్నీ నా పేరు మీదున్నయా?" అన్నది మెల్లగ. "నువ్వు ఊకో" అన్నడు రేవణసిద్ధప్ప. 

నాది తీయంగనే ఆయన వకీలు లేచిండు. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నడు.

"మేడమ్, బంగారం నిండుకున్నదంట. బ్యాంకు నిండుకున్నదంట. భూమి నిండుకున్నదంట. అంటే అన్నీ నిండుగ ఉన్నయని. ఎంతున్నయో చెప్పకుండ దాచిపెట్టింది. కొట్టెయ్యండి."

అందరు కిసుక్కున నవ్విన్రు.  ఈ కాగితం పోతే భవాని ఒక్కతే మిగులుతది. మల్లప్ప మీదికెల్లి లారీ టైర్లు పోతయి.

"మేడమ్, ఇంట్ల ఏదన్న అయిపోతే మేం గట్లనే అంటం. ఇంకో మాట అన్నందుకు మా అత్త నన్ను గరిటె తోని కొట్టింది" అన్న. 

"నేనైతే ఎప్పుడూ వినలే" అన్నడు వకీలు. మేడమ్ ఆడున్న మొగోళ్ల దిక్కు చూసింది. ఒక్కడు నోరు తెరవలే. కొందరు సేటుకు భయపడ్డరు. కొందరికి నిజంగనే ఎరుక తక్కువ. ఇంట్ల బియ్యం ఎప్పుడు అయిపోతయో వాళ్లకేం తెలుస్తది, కంచంల పడితే తింటరు.

మేడమ్ భవాని దిక్కు తిరిగింది. "అమ్మా, మీ ఇంట్ల బియ్యం అయిపోతే మీరేమంటరు?"

"మా ఇంట్ల బియ్యం అయిపోవుడేంది మేడమ్!" అన్నడు రేవణసిద్ధప్ప.

"నేను మిమ్మల్ని అడగలే."

భవాని కొంగు వేలికి చుట్టుకుంట కూసున్నది. మొగుడు గుడ్లురిమి చూస్తున్నడు. ఇగ చెప్పదు, నా పని అయిపోయిందనుకున్న.

"నిండుకున్నయి అంటం మేడమ్" అన్నది. మళ్ల జర గట్టిగ అన్నది. "అంటే లేవు అని."

వకీలు కూసున్నడు. మేడమ్ కండ్లు నలుచుకొని, "అమ్మా, నాకు అర్థమైంది. కాని కాగితం మీద ఈ మాట చెల్లదు" అన్నది. "కొత్తది ఇస్త. ఈ పూట గడిచేలోపల మీ చేతితోనే రాసియ్యిన్రి. అన్ని డబ్బాలల్ల 'లేదు' అని."

అజ్మల్ కొత్త కాగితం తీసుకొచ్చి, "మాఫ్ చెయ్యి అమ్మా" అన్నడు. "నువ్వేం జేసినవ్ రా, నేను చెప్పిందే రాసినవ్" అన్న. రేవణసిద్ధప్ప వకీలును బయటికి తీసుకపోయి గట్టిగ ఒర్రుతుండె. గప్పుడు భవాని నా పక్కకొచ్చి కూసున్నది.

"అక్కా, మా అత్త గూడ నన్ను గరిటె తోనే కొట్టింది" అన్నది.

అంత పరేశాన్‌ల గూడ ఇద్దరం నవ్వుకున్నం. "ఇంటికి పోతే నిన్నేమన్న అంటడా?" అని అడిగిన. "అనకుంట ఉంటడా?" అని లేచిపోయింది.

నేను ఐదు దాక సదువుకున్న. కూడబలుక్కుంట రాస్త. బంగారం లేదు. బ్యాంకు లేదు. భూమి లేదు. ఇల్లు లేదు. బండి లేదు. మా అత్త ఎనుక నిలవడి చూస్తున్నట్టే అనిపించింది. మొదలు సిగ్గయింది. రాయంగ రాయంగ సిగ్గు గూడ అలిసిపోయింది. ఇన్నేండ్లు నోటికి తాళం ఏసి ఏం కాపాడుకున్ననే అనిపించింది.

ఆఖరుకు భర్త డబ్బా కాడికొచ్చిన. కలం ఆగింది.

"ఆయన లేరు కదమ్మా, లేడు అని రాయిన్రి" అన్నది మేడమ్ ఓటర్ల లిస్టు చూసి.

"ఉన్నడు మేడమ్. బొందలగడ్డల ఉన్నడు. ఆయన కోసమే గదా నేనీడికొచ్చింది."

 మేడమ్ నా చెయ్యి మీద చెయ్యేసింది. "ఆయన పేరు రాస్తే ఆయన ఆస్తి ఏదని అడుగుతరు. వకీలు మళ్ల లేస్తడు. అప్పుడు నేను ఆపలేనమ్మా."

మల్లప్ప పోయిన దినం గూడ నేను ఆ మాట అనలే. వచ్చినోళ్లందరికీ కాలం చేసిండనే చెప్పిన. ఆ మాట అనకుంటే ఏదో ఒక తీరుగ ఇంట్లనే ఉంటడని నా పిచ్చి.

రాసిన. లేడు.

రాసి, అందరి ముంగటనే బోరున ఏడ్చిన. ఆయనను ఆడికెల్లి లేపకుంట కాపాడుకోనీకె, ఆయన లేడని నా చేతితోనే రాసియ్యవలసొచ్చింది. మేడమ్ కాగితం తీసుకొని ముద్ర గుద్దింది. "ఇద్దరి నామినేషన్లు సరిగున్నయి" అన్నది. అజ్మల్ చప్పట్లు కొట్టిండు. నాకు కుర్చీలకెల్లి లేవనీకె గూడ ఓపిక రాలే.

మా ఇంటికి దగ్గరి తొవ్వ బొందలగడ్డ మీదికెల్లే. రోజు పని నుంచి ఆడికెల్లే పోత, గోడ కాడ జర ఆగి ఆయనతోని ఒక మాట మాట్లాడి పోత. ఆ దినం ఆ తొవ్వ పట్టలే. మోకాళ్లు గుంజుతున్నా బస్టాండ్ చుట్టు తిరిగి ఇంటికి పోయిన. ఆయన ముంగటికెల్లి పోనీకె నాకు మొఖం చెల్లలే.