కొమ్ము కాని పిడి

మడతకత్తి తెరిచి, అలుగు మొదట్లో ఉన్న ముద్రని భూతద్దం కింద పెట్టాడు ముక్కు మాస్టారు. సగం అరిగిన కిరీటం, దాని కింద ఊరి పేరులో మూడక్షరాలు. ఆయనకవి చాలు. ఏ దేశపుదో, ఇంచుమించు ఏ కాలంలో చేశారో చీటీ మీద రాసేశాడు. ఆ తర్వాతే అసలు గండం. పిడి దేనిది?

ముప్పయ్యేళ్ళుగా ఈ పాతసామాన్ల షాపులో ఆయన పని అదే. ఎముకైతే సన్నటి నల్లచుక్కలుంటాయి. ముత్యపుచిప్ప చెంపకి చల్లగా తగులుతుంది. కొమ్ముకీ, కొమ్ములా కనిపించే పాతకాలపు ప్లాస్టిక్కు, సెల్యులాయిడ్‌కీ తేడా మాత్రం ముక్కుతోనే పట్టేవాడు. బొటనవేలితో గట్టిగా రుద్దితే సెల్యులాయిడ్ కర్పూరం వాసనేస్తుంది. ఆయనకా పేరొచ్చింది అందుకే. నాలుగు నెలల కిందటి జ్వరంలో ఆ వాసన పట్టే శక్తి కాస్తా పోయింది. భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పిడిని రుద్ది ముక్కుకి ఆనించుకున్నాడు. ఏమీ లేదు.

"ఏంటి మాస్టారూ, ఇవాళ ముక్కు సెలవు పెట్టిందా?" అంది షాపు యజమానురాలు.

ఆయన పిడిని గబుక్కున దించాడు. "జలుబమ్మా."

"ఎన్నాళ్ళ జలుబండీ ఇది? దానిక్కూడా ముప్పయ్యేళ్ళ సర్వీసు వచ్చేట్టుంది."

నవ్వబోయి, తల వంచుకుని కొమ్ముపిడుల సొరుగు లాగాడు. పొద్దున మలుపవతలి టైలరు కొనుక్కెళ్ళిన కత్తి తాలూకు చోటు ఖాళీగా ఉంది. మూడు నెలలు అక్కడే పడుంది అది. దానికి అటూ ఇటూ ఉన్న రెండు కత్తుల అలుగులూ తుప్పుపట్టి గుంటలు పడ్డాయి. మిగతావన్నీ మెరుస్తున్నాయి. కొమ్ము పక్కదాన్ని తినదు. పాతబడ్డ సెల్యులాయిడ్ ఆవిరి తింటుంది.

"పిడి కాస్త వంగింది కదండీ" అని పొద్దున టైలరు అడిగితే, "కొమ్మే. దీపం మీద వెచ్చబెట్టి నొక్కు, దారికొస్తుంది" అన్నాడు తను, అంత ధీమాగా. సెల్యులాయిడ్‌కి మంట తగిలితే భగ్గుమంటుంది. టైలరు కొట్టు నిండా బట్టలే.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాడు. మలుపు దగ్గర ఎదురొచ్చినావిడ ముక్కు మూసుకుంది. మురుక్కాలవకో, పొగకో ఆయనకి తెలియలేదు. ముక్కు ఎగబీల్చాడు. ఊరంతా కాలిపోతున్నా తనకి ఆ గాలి అలాగే ఉంటుందేమో అనిపించింది.

టైలరు స్పిరిటు దీపం వెలిగించి, కత్తిని అప్పుడే చేతిలోకి తీసుకుంటున్నాడు.

"దీపం ఊదెయ్యి. ముందు ఊదెయ్యి."

ఊదేశాడు. "ఏమైందండీ?"

"అది కొమ్ము కాదు. నేను తప్పు చెప్పాను." ఊపిరి అందుకోడానికి గుమ్మం పట్టుకున్నాడు. "నాకు వాసన తెలియడం లేదు నాయనా."

టైలరు కత్తిని కిటికీ అవతల గట్టు మీద పెట్టొచ్చాడు. తన చుట్టూ ఉన్న బట్టల తానుల్ని ఒక్కొక్కటే చూసుకున్నాడు. "మీరు చెప్పారని ఇంకోమాట ఆలోచించలేదండీ" అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది.

తిరిగొచ్చి యజమానురాలికి అంతా చెప్పాడు. నాలుగు నెలల్లో కొమ్మని తను రాసినవన్నీ విడిగా తీసి, అమ్ముడుపోయినవాటిని కొన్నవాళ్ళ పేర్లు కాగితం మీద పెట్టాడు.

"వీళ్ళకి ఇవాళే కబురు చెయ్యండమ్మా. మంట దగ్గరికి తీసుకెళ్ళొద్దని చెప్పండి."

ఆవిడ ఆ కాగితం అందుకుంది. "మరి మీరు?"

"ఈ పని ఇక నావల్ల కాదు. వెళ్ళొస్తానమ్మా."

ఆవిడ ఆగమనలేదు. ఫోను దగ్గరికి నడిచి మొదటి పేరు చూసుకుంది.

బల్ల కింద, ఆ మధ్యాహ్నం ఆయన మూతైనా తీయని టిఫిను డబ్బా ఉండిపోయింది. అందులో పులిసిపోయిన కూర వాసన, సాయంత్రానికి షాపంతా పట్టేసింది.