సంతోషి రాసిన ప్రోగ్రాం

"సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అంటే ఉత్త థియరీనే అంటగద ఫెబా. చదివి చెప్పుడే. గంత అలసట ఏముంటది?" నేను పప్పు వడ్డిస్తుంటే మా ఆయన యేసుకుమార్ అన్నాడు. కాలేజీలో ఆ సబ్జెక్టు నాకిచ్చిన రోజు మా హెచ్‌ఓడీ వేణుమాధవ్ గారూ అదే అన్నారు. "మీకు ఇంట్ల పని గూడ ఉంటది గద మేడం. ఇదైతే అల్కగుంటది."

చదివి చెప్పడం నావల్ల కాలేదు. పదిమంది కలిసి ఒక పనిని ఎలా పూర్తి చేస్తారో నేర్పే పాఠమది. చేయించకుండా ఎలా వస్తుంది? తెలంగాణ సమ్మె ముగిసి కాలేజీ తెరిచాక పిల్లలను జట్లుగా విడదీసి, హాస్టల్ మెస్సుకు సాఫ్ట్‌వేర్ చేయమన్నాను. కొన్నాళ్లకు చూస్తే ఏ జట్టులోనైనా ఒకటే తీరు. మగపిల్లలు కంప్యూటర్ల ముందు, ఆడపిల్లలు పక్కన రిపోర్టులు రాస్తూ. అందరికన్నా బాగా ప్రోగ్రాం రాసే సంతోషి కూడా అంతే.

"నువ్వెందుకు చేస్తలేవు?"

"నా దస్తూరి మంచిగుంటదని రిపోర్టు నాకే ఇచ్చిన్రు మేడం."

ఒళ్లు మండింది. "ఫెబా చేతి కూర రుచే వేరు" అని మా అత్తగారు సువార్తమ్మ పెళ్లైన కొత్తలోనే నన్ను పొగిడి పొయ్యి దగ్గర నిలబెట్టింది.

మర్నాడే ఆడపిల్లలను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, రిపోర్టులు మగపిల్లలకిచ్చాను. హెచ్‌ఓడీ పిలిపించారు.

"బయటి ఎగ్జామినర్ వస్తడు. ఖరాబైతే జిమ్మెదారి ఎవరిది?"

"నాదే సర్." గొంతు వణికింది.

పరీక్ష రోజు సంతోషి ప్రోగ్రాం నడుమ ఆగిపోయింది. వెనక ఎవరో నవ్వారు. ఆమె మాత్రం తెరవైపే చూస్తూ, "ఎవ్వరు తినని పూట తిన్నోళ్ల లెక్క సున్నా వచ్చింది సర్. ఖర్చును సున్నాతోటి భాగిస్తే ఆగింది" అంటూ ఎగ్జామినర్ ముందే సరిచేసింది. ప్రోగ్రాం నడిచింది.

"తప్పు రాకుండ రాసెటోళ్లు ఎవరున్నరమ్మా? దొరకబట్టి దిద్దుడే గద ఈ సబ్జెక్టు" అన్నాడు ఎగ్జామినర్.

ఆయన వెళ్లాక హెచ్‌ఓడీ నవ్వుతూ అన్నారు. "మంచిగైంది మేడం. వచ్చే సెమిస్టర్ నుంచి ఈ ప్రాజెక్ట్ ల్యాబు మన కిషన్ సర్ చూస్తడు. మీరు రికార్డులు దిద్దుండ్రి. మీకు ఓపిక ఎక్కువ."

"లేదు సర్, ల్యాబు నేనే చూస్త" అన్నాను. ఈసారి గొంతు వణకలేదు. ఆయన "సరే, మీ ఇష్టం" అన్నారు.

ఇంతేనా! 'లేదు' అనే ఇంత చిన్న మాటకేనా ఇన్నేళ్లు భయపడింది?