ఇద్దరికీ ఒక్క మణికట్టు

లోర్నా తన భర్త వెండెల్ డైవింగ్ సూటును లోపలివైపు పైకి తిప్పి, పెరట్లో మంచినీళ్ళ తొట్టిలో ముంచుతుండగా వంటింటి కిటికీలోంచి అతని గొంతు వినబడింది. ఫోనులో నవ్వుతూ చెబుతున్నాడు.

"కాదు కాదు మారిబెల్, ఎడమవైపు బటన్ రెండుసార్లు నొక్కు. ఆఁ, అదీ. కనిపించిందా? ఎంత తేలికో చూడు!"

లోర్నా సూటును నీళ్ళలో ఇంకాస్త గట్టిగా అదిమింది. బుడగలు పైకొచ్చాయి. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ ఈ కడగడం ఆమెదే. ఉప్పు ఉండిపోతే జిప్పులు బిగుసుకుపోతాయి, రబ్బరు పగిలిపోతుంది. "నాకు ఓపిక చాలదు బంగారం, నువ్వు కడిగితే కొత్తవాటిలా ఉంటాయి" అంటాడు వెండెల్. మెచ్చుకోలుగానే అంటాడు. అతను చెడ్డవాడు కాడు. వానాకాలంలో ఆమె కారు టైర్లలో గాలి చూసిగాని పనికి పంపడు. అయినా ఈ పెళ్ళిలో మెచ్చుకోలుగా మొదలైన ప్రతి మాటా చివరికి ఒక పనిగానే ఆమె చేతికి వచ్చింది.

ఇప్పుడు ఫోనులో నేర్పుతున్న ఆ బటన్లు లోర్నాకి బాగా తెలుసు. అది వెండెల్ పాత డైవ్ కంప్యూటర్. గడియారంలా చేతికి కట్టుకుంటారు. ఎంత లోతులో ఉన్నదీ, ఆ లోతులో ఇంకెంతసేపు ఉండవచ్చో, లోతులో ఒంట్లో చేరిన గాలి మెల్లగా పోవడానికి పైకి వచ్చేటప్పుడు ఎక్కడ ఆగాలో చెబుతుంది; ఆగకపోతే ప్రాణానికే ముప్పు. దాని పట్టీ సందుల్లో గడ్డకట్టిన ఉప్పును పాత టూత్‌బ్రష్‌తో ఏళ్ళ తరబడి తోమింది ఆమే. అతను కొత్తది కొనుక్కున్నాక పాతదానికి బ్యాటరీ వేయించి, మెత్తని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టిందీ ఆమే. తనకిస్తాడనుకుంది.

అతని పాత జోడీదారుడు ఈ వసంతంలో టెనెసీకి మకాం మార్చాడు. జోడీ లేనివాణ్ణి బోటువాళ్ళు నీళ్ళలోకి దించరు. అందుకని వెండెల్ ఆమెను తీసుకెళ్ళి శిక్షణలో చేర్చాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో కీ లార్గోలోని ఒక ఈతకొలనులో పడుచుపిల్లల పక్కన మోకాళ్ళమీద కూర్చుని నీళ్ళ కింద ఊపిరి తీసుకోవడం నేర్చుకుంది. మొదట్లో భయంతో ఏడ్చింది. కళ్ళద్దాల మాస్కులో ఏడిస్తే ఎవరికీ కనిపించదని అప్పుడే తెలిసింది. తర్వాత మొదటిసారి సముద్రంలో దిగినప్పుడు, ఇసుక మీద మోచేతులానించి ఊరికే ఉండిపోయినప్పుడు, ఆమెకు ఇంకో సంగతి తెలిసింది. ఇక్కడ తననెవరూ ఏమీ అడగలేరు. నా కారు తాళాలేవీ, అమ్మకి మందులిచ్చావా, రాత్రికి ఏముంది - ఏదీ అడగలేరు. నోట్లో గొట్టం పెట్టుకున్నవాళ్ళు ఎవరిని ఏం అడుగుతారు? ఆ సుఖాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ సుఖానికి గడువు మాత్రం వెండెల్ చేతిమీద ఉంది. అతను తన కంప్యూటర్ చూసుకుని బొటనవేలు పైకెత్తుతాడు. పైకి పోదామని. అంతే, పోవాలి.

"నాకూ ఒకటి ఉంటే?" అని వేసవి మొదట్లో అడిగింది.

"కొత్తవాళ్ళకి కంప్యూటరెందుకు లోర్నా? దాన్నే చూస్తూ కూర్చుంటే చేపల్ని చూసేదెప్పుడు? నా భుజం పక్కనే, కాస్త పైన ఉండు. నాది మనిద్దరికీ చాలు."

గదిలో ఊలు అల్లుకుంటున్న అత్తగారు ఓపల్ కూడా ఒక మాట వేసింది. "మావాడు పక్కన లేకుండా నువ్వు ఎక్కడికి పోతావని? నేను మీ మామయ్య పడవలో ముప్పై ఏళ్ళు తిరిగాను. టైమెంతైందని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు."

పోయినవారం డైవింగ్ క్లబ్బువాళ్ళు అందరూ కలిసి భోజనం చేసిన రోజున, లోర్నా పొద్దున్నే లేచి కలిపి తెచ్చిన పొగబెట్టిన చేపల ముద్దను బిస్కెట్ మీద రాసుకుంటూ, అదే వెండెల్ అందరి ముందూ అన్నాడు. "కొత్తవాళ్ళకి కంప్యూటర్ లేకపోవడమేమిటి మారిబెల్! కళ్ళకి గంతలు కట్టుకుని బండి నడిపినట్టే. నా పాతది ఖాళీగా ఉంది, తీసుకో."

మారిబెల్ కింటేరో అంబులెన్సు కాల్స్ తీసుకునే ఆఫీసులో పని చేస్తుంది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. భర్త లేడు, విడిపోయింది. ఆమె చేయి చాపింది. వెండెల్ స్వయంగా పట్టీ బిగించాడు. అతని వేళ్ళు ఆ మణికట్టు చుట్టూ తిరుగుతుంటే లోర్నా ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడింది. "లోర్నా, ఇంకాస్త ఉందా ఇది?" అని ఎవరో అడిగారు.

ఆ వారమంతా ఆమె లోపల ఏదో కాలుతూనే ఉంది. కళ్ళ ఆసుపత్రి కౌంటరు దగ్గర రోగుల పేర్లు పిలుస్తున్నా, ఓపల్‌కి కాళ్ళు ఒత్తుతున్నా ఆ మణికట్టే కనిపించేది. తనకు అక్కర్లేదన్నది మారిబెల్‌కెలా తప్పనిసరైంది? భార్యకు అతని భుజం చాలు, భుజం లేని ఆడదానికి మాత్రం యంత్రం కావాలా? అంటే పెళ్ళి చేసుకున్నందుకు తాను వేరే మనిషిగా లెక్కకు రాకుండా పోయిందా? మారిబెల్ పేరు తలచుకుంటేనే గొంతులో పుల్లగా అయ్యేది. ఆమె నవ్వు బావుంటుంది, అదొకటి.

శనివారం బోటులో మారిబెల్ ఎదురుగానే కూర్చుంది. మాటిమాటికీ మణికట్టు చూసుకుంటోంది, కొత్త ఉంగరం పెట్టుకున్న పిల్లలాగా. "నీది ఏ రకం లోర్నా?" అని అడిగింది.

"ఆవిడది నేనే," అన్నాడు వెండెల్. బోటంతా నవ్వింది. లోర్నా కూడా నవ్వింది.

ఆ రోజు రెండు చోట్ల దిగాలి. మొదటిది లోతున మునిగిపోయిన పాత ఓడ దగ్గర, రెండోది తక్కువ లోతులో పగడాల మధ్య ఇసుక గుంట దగ్గర. లోర్నా మొదటిసారి ఊరికే ఉండిపోయిన చోటు అదే. గాలులవల్ల మూడు వారాలుగా అక్కడికి బోటు పోలేదు. ఆమె వచ్చిందే దానికోసం.

ఓడ దగ్గర వెండెల్‌కి ఒక పెద్ద చుక్కల తిరండి చేప, బల్లపరుపు ఒళ్ళును రెక్కల్లా ఆడిస్తూ కనిపించింది. కెమెరా పట్టుకుని దాని వెనక పడ్డాడు. అది ఓడ అంచు దాటి కిందికి జారింది, అతనూ జారాడు. భుజం పక్కనే, కాస్త పైన ఉండమన్నాడు కాబట్టి లోర్నా కూడా వెళ్ళింది. నీలం నలుపైంది. చలి చెవుల్లోకి దిగింది. ఇక చాలని లోపల ఎవరో అంటున్నారు. కాని ఎంత చాలో చెప్పేది అతని చేతిమీద ఉంది, అతను చెయ్యి చూసుకోవడం లేదు. ఆమె అతని కాలికున్న రబ్బరు ఈతరెక్కను పట్టుకుని గుంజింది. అతను ఇంకో ఫొటో తీసుకుని తిరిగాడు. అప్పుడు చూసుకున్నాడు. మాస్కులోపల కళ్ళు పెద్దవయ్యాయి.

పైకి వచ్చేటప్పుడు ఒకచోట బోటు లంగరు తాడు పట్టుకుని చాలాసేపు ఆగమని యంత్రం చెప్పింది. కొంతసేపు ఆగారు. ఇద్దరి సిలిండర్లలోనూ గాలి అడుగంటుతోంది. చివరికి బొటనవేలు ఎత్తాడు.

బోటు ఎక్కగానే, డైవర్లను చూసుకునే రూథాన్ అతని చెయ్యి అందుకుని చూసింది. "నీ కంప్యూటర్ తాళం వేసుకుంది వెండెల్, ఇక పనిచెయ్యదు. ఆగమన్నంతసేపు ఆగలేదు నువ్వు. ఇవాళ, రేపు నువ్వు నీళ్ళలోకి దిగడానికి లేదు. కూర్చో, ఆక్సిజన్ పెడతాను. ఒళ్ళెలా ఉంది?"

"నాకేం కాలేదు. అది మరీ అతిగా చేస్తుంది." అతను మారిబెల్‌వైపు తిరిగాడు. "నా పాతది ఒక్కసారి ఇలా ఇస్తావా? నువ్వు రూథాన్ పక్కన దిగొచ్చు కదా."

మారిబెల్ మణికట్టు మీద రెండో చెయ్యి వేసుకుంది. "కట్టుకుంటే ఏం లాభం? పొద్దున్నుంచీ ఇది నాతో తిరిగింది. నేనెంత లోతుకి వెళ్ళానో దీనికి తెలుసు. నువ్వెక్కడికి వెళ్ళావో దీనికేం తెలుసు?"

"సరిగ్గా చెప్పింది," అంది రూథాన్. తర్వాత లోర్నా వైపు చూసింది. "నీదేం చెబుతోంది తల్లీ?"

లోర్నా తన ఖాళీ చేతిని చూసుకుంది. "నాకు లేదు. ఆయనదే."

రూథాన్ ఇంకో ఆక్సిజన్ మాస్కు తీసింది. "అయితే ఆయనకెంతో నీకూ అంతే. నువ్వూ కూర్చో."

ఇసుక గుంట దగ్గర లంగరు వేశారు. మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని లోర్నా బెంచీమీద కూర్చుంది. నీళ్ళు అడుగుదాకా కనిపిస్తున్నాయి. ఒక్కొక్కరే దూకుతున్నారు. మారిబెల్ అంచున నిలబడి, చెయ్యి చూసుకుని, మాస్కు పట్టుకుని అడుగు వేసింది. తెల్లని నురగ లేచి ఆమెను మింగింది. లోర్నా ఆమె బుడగలవైపే చూస్తూ ఉండిపోయింది. ఇంత అసూయ ఆమె జీవితంలో ఎరగదు. వెండెల్ వేళ్ళు పట్టీ బిగించినందుకు కాదు. ఆ సంగతి ఎప్పుడు పోయిందో పోయింది. అక్కడ కింద ఒక ఆడది తన సమయాన్ని తనే చూసుకుంటోంది. చాలనుకున్నప్పుడు వస్తుంది. ఇంకొకరు తిరండి వెనక పరిగెత్తినందుకు ఆమె బెంచీమీద కూర్చోదు. లోర్నా ఎక్కడెక్కడికి వెళ్ళిందో, ఎంత భరించిందో, ఎక్కడ ఆగాల్సిందో, ఆ లెక్క ఇన్నేళ్ళుగా ఎవరి దగ్గరా లేదు. వెండెల్ దగ్గరున్నది అతనిది మాత్రమే.

మారిబెల్ నీళ్ళు కారుతూ వచ్చి ఆమె పక్కనే కూలబడింది. సంచిలోంచి నారింజపండు తీసి ఒలిచి సగం ఇచ్చింది. "పెద్ద తాబేలు కనిపించింది. గంభీరంగా, మా చర్చి ఫాదర్‌లాగా. ఏమీ కనిపించలేదని నీకు అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు ఊరుకోలేదు."

లోర్నాకి నవ్వొచ్చింది. మాస్కు కిందికి దించి, ఆ మనిషిని వారంరోజులు తిట్టుకున్న నోటితోనే నారింజ తింది. తియ్యగా ఉంది.

ఇంటికి వెళ్ళే దారిలో ట్రక్కు నడుపుతూ వెండెల్ చాలాసేపటికి నోరు విప్పాడు. "తప్పు నాదేలే. భయపడ్డావా?"

"పడ్డాను."

"ఒక పని చేస్తాను. నేను ఇంకో కొత్తది కొనుక్కుని, ఇది నీకిచ్చేస్తాను. సరేనా?"

ఈ మాటకోసమే కదా వేసవంతా ఎదురుచూసింది. కిటికీ అవతల వంతెన కింద నీళ్ళు రంగులు మారుతున్నాయి.

"వద్దు. నేనే కొనుక్కుంటాను," అంది. "వచ్చే శనివారం మారిబెల్‌తో దిగుతాను. తనకీ జోడీ కావాలట."

అతను నవ్వబోయాడు. "ఇద్దరూ కొత్తవాళ్ళే. మీకు దారెవరు చూపిస్తారు?"

"ఇసుక గుంట దగ్గరే కదా. తక్కువ లోతు. ఒకరినొకరం చూసుకుంటాం."

"మరి నా జోడీ ఎవరు?"

అతను రోడ్డు మీంచి చూపు తిప్పి ఒక్క క్షణం ఆమెవైపు చూశాడు. ఆ మారిబెల్‌కి నీతో ఏం పని అన్నట్టు, తనదైనదేదో ఇంకొకరి చేతికి పోతున్నట్టు ఉంది ఆ చూపు. లోర్నా ఆ చూపును వెంటనే గుర్తుపట్టింది. వారమంతా తన కళ్ళలో ఉన్నది అదే. ఎంత మండుతుందో తెలుసు కాబట్టి అతన్ని చూసి జాలి పడింది. జాలి పడిందేగాని, మాట మాత్రం మార్చుకోలేదు.