తిరగబడ్డ కోడలు, మూడక్షరాలు

మా అత్తగారు ఒక వారపత్రికకు గళ్లనుడికట్టు తయారు చేస్తారు. ఆవిడ కంప్యూటరు కింది గదిలో, నాది పైన వంటింటి పక్కన. పత్రిక రాగానే నేను పెన్ను పట్టుకుని కూర్చుంటాను. ఆవిడ ఎదుటి కుర్చీలో కూర్చుని నేనెక్కడ ఆగిపోతానా అని చూస్తారు. ఆగిపోతే ఆ పూటంతా ఆవిడ ముఖం వెలిగిపోతుంది. అందుకే అచ్చు కాకముందు ఆ గళ్లను నా కంట పడనివ్వరు.

ఆవిడ కంప్యూటరు మొరాయిస్తే మాత్రం నాకే పిలుపు. నేను పొయ్యి కట్టేసి మెట్లు దిగుతాను. నా అడుగుల చప్పుడు విని ఆవిడ గళ్లు మూసేస్తారు. అక్షరాలు చిన్నవైపోవడమో, ప్రింటరు అలగడమో తప్ప పెద్ద జబ్బులేవీ ఉండవు. నా మోకాళ్ల మీద జాలిపడి మావారు, పైనుంచే కింది కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరు పెడదామన్నారు. జాలి మోకాళ్ల మీదో, ఆలస్యమవుతున్న భోజనం మీదో నేను అడగలేదు.

మొదటిది ఎక్కడో బయటి సర్వరు చుట్టూ తిరిగి వచ్చేది. కింది గదిలోకి వెళ్లడానికి ఊరి పొలిమేర దాటి రావాలన్నమాట. ఇంటర్నెట్ పోయిన రోజున అదీ పడకేసింది. రెండోది ఇంట్లోని రౌటరుతోనే పనిచేసింది గానీ, నేను అడుగుపెట్టగానే కింద తెర నల్లబడేది. అత్తగారు కంప్యూటరు పోయిందనుకుని మీటలన్నీ నొక్కేవారు. మూడోది బుద్ధిమంతురాలు. ఒకే తెర ఇద్దరికీ కనబడుతుంది, ఇంటర్నెట్‌తో పనిలేదు. లోపలికి వచ్చేముందు అవతలివాళ్లను అడగాలా అన్నచోట మావారు 'అక్కర్లేదు' అని టిక్కు పెట్టారు. ఏది నొక్కాలో తెలియక అమ్మ కంగారు పడుతుందట.

ఒక మధ్యాహ్నం ప్రింటరు కోసం పిలుపొచ్చింది. పైనుంచే వెళ్లాను. మెట్ల మీద చప్పుడు లేదు కాబట్టి తెర మీద గళ్లు అలాగే ఉన్నాయి, నిండుగా. ఒకచోట మూడు గళ్లలో 'లుడకో' అని వచ్చి కూర్చుంది. చుట్టూ ఉన్న మాటలు తోసుకోగా మిగిలిన అక్షరాలవి. దానికి ఆధారం రాసేచోటు ఖాళీగా ఉంది. నా వేళ్లు ఊరుకోలేదు. 'తిరగబడ్డ కోడలు' అని టైపు చేశాను.

కింద కుర్చీ జరిగింది. నా తెర మీది గళ్లు మాయమయ్యాయి. నేను దిగి వెళ్లేసరికి రౌటరు తీగ అత్తగారి చేతిలో ఉంది.

"ఆధారం బాగుంది," అన్నారు. "కానీ గళ్లన్నీ చూసేశావు. ఇక పత్రిక వచ్చాక నేనెవర్ని చూస్తూ కూర్చోవాలి?"

ఆవిడ ఆ గళ్లను పక్కన పడేసి, ఆ వారానికి మొదటినుంచీ కొత్తవి కట్టారు.

మావారు ఇంకో సాఫ్ట్‌వేరు వెతుకుతానన్నారు. ఇదే ఉండనిచ్చి, ఆ టిక్కు తీసేస్తే చాలన్నాను. అమ్మకు తెలియదేమోనని ఆయన నసిగారు.

"నిన్ను పెంచినదాన్ని, రెండు మీటలు నాకో లెక్కా?" అన్నారు అత్తగారు.

ఇప్పుడు నేను వెళ్లాలంటే ఆవిడ తెర మీద రానివ్వాలా, వద్దా అని రెండు మీటలు వస్తాయి. నిన్న అక్షరాలు చిన్నవైపోయాయని ఆవిడే పిలిచారు. తీరా వెళ్లబోతే వద్దని వచ్చింది. మెట్ల దగ్గర నిలబడి, తప్పు మీట నొక్కినట్టున్నారత్తయ్యా అన్నాను.

"లేదమ్మాయ్, సరైనదే నొక్కాను. ఇంకో రెండు గళ్లున్నాయి, ఆగు."