పథ్యం బేరం

మా ఆయన సింగయ్య మడమలో టేకు చేప తోక ముల్లు దిగింది డెబ్బైరెండులోనో, డెబ్బైమూడులోనో. ఏడాది సరిగ్గా చెప్పలేను గానీ ఆ పుండు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. మానినట్టే ఉండేది, మళ్ళీ నోరు తెరిచేది.

అప్పుడే బాపట్ల దగ్గర సూర్యలంకలో మా మేనమామ బాపయ్య కొత్త పడవ కట్టిస్తున్నాడు. చుక్కాని పట్టేది సింగయ్యేనని అందరికీ చెప్పుకున్నాడు కూడా. కాలు ఎంతకీ బాగవకపోయేసరికి కబురంపాడు: "పడవ నీళ్ళలోకి దించేలోగా నిలబడగలిగితే సరే. లేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాను, ఏమనుకోవద్దు."

ఆ రోజు మా ఆయన కంచం ముట్టలేదు. ముట్టడానికి కంచంలో ఏముంది గనక? మిరియాల చారు, మెత్తటి అన్నం. పుండున్నవాడు చేప తింటే చీము పడుతుందని మా అత్త దానమ్మ పట్టు. పీత పేరెత్తితే చెవులు మూసుకునేది. కొడుకు తినని చేప తనకూ వద్దని తనూ మానేసింది. రోజూ రేపల్లెలో బండెక్కి తెనాలి వెళ్ళి గంపెడు చేపలు అమ్మి, ఇంటికొచ్చి చారు జుర్రుకునేది! వాళ్ళ పక్కన కూర్చుని నేనూ అదే చారు.

చివరికి తెనాలిలో పూర్ణచంద్రరావు డాక్టరుగారికి చూపించాం. ఆయన పుండు శుభ్రంగా కడిగి, కట్టు కట్టి, తెల్లటి గొట్టం మాత్రలిచ్చారు.

"ఇవి జింకు మాత్రలు. అన్నం తిన్నాకే వేసుకో" అన్నారు.

"జింకంటే రేకుల మీద పూసేదేగా డాక్టరుగారూ? నాకూ తుప్పు పట్టిందంటారా?" అన్నాడు మా ఆయన.

ఆయన నవ్వారు. "ఒంట్లోనూ కాస్త ఉండాలయ్యా. అది తక్కువైతే కొత్త కండ తొందరగా రాదు."

ఇంటికొచ్చి నాలుగు మెతుకులు మింగి మాత్ర వేసుకున్నాడు. కడుపులో తిప్పి వాంతి. మర్నాడూ అంతే. మా అత్త చేపల గంప నెత్తిన పెట్టుకుని నేరుగా డాక్టరు మీదికి బయలుదేరింది. ఆపుదామని నేనూ వెంటపడ్డాను.

"ఏం మందిచ్చావు బాబూ! నా కొడుకు పేగులు బయటికొస్తన్నాయి!"

"ఏం తిని వేసుకుంటున్నాడమ్మా?"

"మిరియాల చారు."

"అదొక్కటేనా?"

"పుండుకి పథ్యం ఉండొద్దా?"

డాక్టరుగారు తల పట్టుకున్నారు. "కడుపులో ఏమీ లేకుండా వేస్తే తిప్పదా మరి? కండ రావాలంటే తిండి పడాలి. రెండు పూటలా చేప పెట్టు, గుడ్డు పెట్టు. పీతలూ పెట్టు, వాటిలో జింకు దండిగా ఉంటుంది."

"పీతలా! గుడ్డొకటి పెడతాను, అంతే."

"చేప కూడా."

"ఆదివారం ఒక ముక్క."

"రోజూ పెట్టాలి."

"రోజు మార్చి రోజు. తోక ముక్క."

"నడుం ముక్క!"

మా అత్త గంప దించి చతికిలబడింది. ఇక లేవదని నాకు తెలిసిపోయింది. బల్ల మీద కూర్చున్న రోగులు కూడా నొప్పులు మరిచిపోయి, "తగ్గకండి డాక్టరుగారూ!" అని ఒకళ్ళు, "పీతకి మాత్రం ఒప్పుకోకు పిన్నీ!" అని ఇంకొకళ్ళు అందుకున్నారు.

"సరే దానమ్మా, ఒక్క వారం నేను చెప్పినట్టు పెట్టు. చీము పడితే మళ్ళీ నీ చారే. నేను నోరెత్తను."

"పీత ఒక్కసారే."

"రెండుసార్లు."

"సరే, ఇదే చివరి మాట!" అని ఆయన చేతిలో చెయ్యి వేసి కొట్టింది. పాపం, డాక్టరుగారు సాయంత్రం దాకా ఆ చేతిని వాసన చూసుకునే ఉంటారు.

ఆ రాత్రి పులుసు తనే కాచింది. కొడుకు మొదటి ముద్ద మింగుతుంటే ఊపిరి బిగబట్టి చూసింది.

"అమా, ఇంకో ముక్క."

"అది బేరంలో లేదురా" అంటూనే వేసింది. తన కంచంలోనూ ఒకటి వేసుకుంది. నన్ను చూసి, "ఏమే సుబ్బులూ, నీకు పుండు లేదుగా, ఎందుకు చూస్తన్నావు? తిను!" అంది. మాత్ర కడుపులో నిలిచింది.

వారం తిరిగేసరికి చీము లేదు. అంచుల్లో ఎర్రటి కొత్త కండ కనిపించింది. మాత్ర ఒక్కదాని గొప్పే కాదని, కట్టూ తిండీ కూడా పని చేశాయని డాక్టరుగారు చెప్పారు. ఇంకొన్ని వారాలకు పుండు పూడిపోయింది.

పడవ దించిన రోజు సూర్యలంకలో మా ఆయనే చుక్కాని పట్టాడు. పడవ కెరటం దాటుతుంటే ఒడ్డు నుంచి మా అత్త అరిచింది: "కాలు చూపించరా!"

ఆయన మడమ పైకెత్తి చూపించబోయి తూలాడు. అందరం పకపకా నవ్వాం.

"ముందు చుక్కాని పట్టుకో అల్లుడూ!" అన్నాడు బాపయ్య మామ.