కంచె అవతలి తుపాకి మోత

ఎడ్విన్ కుటాచ్‌కి డెబ్బై ఒక్క ఏళ్లు. ఈ లోకంలో తనకి ఇద్దరే శత్రువులని అతని గట్టి నమ్మకం. ఒకటి తన గడ్డి పొలాన్ని కుళ్లబొడిచే అడవి పందులు. రెండు, ఆ పందుల్ని మేపి పెంచే తమ్ముడు లాడీ. పందుల్నయితే కనిపించిన చోట కాల్చెయ్యొచ్చు. తమ్ముళ్ల విషయంలో టెక్సస్ చట్టం అంత ఉదారంగా లేదు కాబట్టి, పదకొండేళ్లుగా మాటలు మానేసి సరిపెట్టుకున్నాడు.

తండ్రి పోయాక రెండొందల ఎకరాలు చెరి సగం పంచుకుని నడుమ ముళ్లకంచె వేసుకున్నారు. కంచె మరమ్మతు ఎవరిదన్న పేచీ రాకుండా ఆ పక్క ఒక పద్ధతి ఉంది. ఇద్దరు ఆసాములూ కంచె మధ్యలో ఎదురెదురుగా నిలబడతారు. ఎవరి కుడిచేతి వైపు సగం వాళ్లు చూసుకోవాలి. అలా నిలబడి, చేతులు కలుపుకుని, నవ్వుకుంటూ విడిపోయిన రోజే అన్నదమ్ములు సఖ్యంగా ఉన్న ఆఖరి రోజు.

ఆ తరవాతి నెలలో లాడీ జింకల కోసమని చెప్పి కంచెకి ఇరవై అడుగుల దూరంలో మొక్కజొన్న గింజల డబ్బా వేలాడదీశాడు. పొద్దున ఆరున్నరకి దాని అడుగున పళ్లెం దానంతటదే గిర్రున తిరిగి గింజలు చిమ్ముతుంది. జింకలు వచ్చాయో లేదోగానీ పందులు మాత్రం సకుటుంబ సపరివారంగా వచ్చాయి, వస్తూ వస్తూ ఎడ్విన్ గడ్డి పొలాన్ని దున్నిపారేశాయి.

"ఆ డబ్బా అక్కణ్ణించి తియ్యరా," అన్నాడు ఎడ్విన్.

"నా నేల, నా డబ్బా, నా గింజలు," అన్నాడు లాడీ.

మాటలంటే అవే ఆఖరివి. ఎడ్విన్ ఊరుకోలేదు. పందుల్ని తన వైపు రప్పించుకుని మరీ చంపుతానని కంచెకి ఇవతల తనూ ఒక డబ్బా కట్టాడు. పక్కనే మంచె వేశాడు. అవతల లాడీ కూడా మంచె వేశాడు. అలా పదకొండేళ్లుగా ఇద్దరన్నదమ్ములూ పోటీలు పడి పందులకి రెండు పూటల భోజనం పెడుతూ, పందులు ఎందుకు పెరిగిపోతున్నాయో అర్థంకాక ప్రభుత్వాన్ని తిట్టుకుంటున్నారు.

చర్చిలో ఎదురుపడకుండా ఎడ్విన్ శనివారం సాయంత్రం పూజకి పోతాడు, లాడీ ఆదివారం పొద్దున పూజకి పోతాడు. ఇద్దరికీ మధ్య మిగిలిన సంభాషణ తుపాకి మోత ఒక్కటే. పొద్దున ఆరున్నర దాటగానే పందులు ముందు లాడీ డబ్బా దగ్గర చేరతాయి. లాడీ కాలుస్తాడు. తండ్రి వదిలిన పాత రైఫిల్ అతని వాటాకి వచ్చింది. దాని మోత పెద్దాయన దగ్గులా ఉంటుంది, ఎడ్విన్ నిద్రలో కూడా పోల్చుకోగలడు. ఆ దెబ్బకి పందులు కంచె కింద బొరియ దూరి ఇటొస్తాయి. ఎడ్విన్ కాలుస్తాడు. బతికినవి మళ్లీ అటు పోతాయి. బొరియ కంచెలో లాడీ సగం కింద ఉంది కాబట్టి దాన్ని పూడ్చాల్సింది లాడీ. కాబట్టి ఎడ్విన్ దాన్ని ముట్టుకోడు.

ఏడాదిగా ఎడ్విన్‌కి ఇంకో సంతోషం తోడైంది. లాడీ రోజూ కాలుస్తున్నాడుగానీ అటువైపు ఒక్క రాబందు కూడా తిరగడం లేదు. అంటే ఒక్క పంది కూడా చావడం లేదన్నమాట.

"గురి పోయిందే వాడికి," అని భార్య బర్నీస్‌కి పండగలా చెప్పాడు. "రోజూ గాలికి కాల్చుకుంటున్నాడు."

"నీకెందుకయ్యా అంత ఆనందం? అవన్నీ నీ పొలం మీదకే కదా వచ్చేది," అంది బర్నీస్. ఆవిడకి ఆనందాలు చెడగొట్టడం పెళ్లయిన నాటి నుంచీ అలవాటు.

మొన్న ఆదివారం లాడీ కాల్చగానే మంద ఇటొచ్చింది. ఎడ్విన్ ఒక పెద్ద ఆడపందిని కొట్టాడు. దెబ్బ సరిగ్గా పడలేదు. అది తూలుకుంటూ బొరియ దూరి అటు వెళ్లిపోయింది. గాయపడ్డదాన్ని వెతికి పట్టుకుని ముగించాలి. అది తండ్రి చిన్నప్పుడే నేర్పిన మర్యాద. కానీ పరాయి కంచె దాటాలంటే ఆసామిని అడగాలి, అదీ మర్యాదే. అడగాలంటే మాట్లాడాలి. ఎడ్విన్ మంచె దిగి ఇంటికెళ్లి గుడ్లు వేయించుకు తిన్నాడు. బర్నీస్ చెల్లెలి ఇంటికి వెళ్లింది కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేకపోయింది.

సోమవారం ఆరున్నర అయింది. అవతల డబ్బా తిరిగిన చప్పుడు వినిపించింది. పందుల గుర్రుగుర్రు వినిపించింది. తుపాకి మోగలేదు. ఎడ్విన్ ఏడున్నర దాకా మంచె మీద కూర్చున్నాడు. ఒక్క పంది కూడా ఇటు రాలేదు. వెధవ పడుకుండిపోయాడు అనుకున్నాడు.

ఎనిమిదింటికి రేడియో పెట్టాడు. పోల్కా పాటల మధ్యలో చుట్టుపక్కల ఊళ్లలో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. ఎప్పుడూ ఆ పాటికి కాఫీ తాగుతూ సగం వినేవాడు, ఆ రోజు కప్పు కింద పెట్టి విన్నాడు. లాడీ పేరు లేదు. మంచిదే అనుకుని రెండో కప్పు పోసుకున్నాడు.

మంగళవారం కూడా మోత లేదు. తూటాలు అయిపోయుంటాయి, ఏడాదంతా గాలికి తగలేస్తే అవవా మరి అనుకున్నాడు. రేడియో విన్నాడు. పేరు లేదు.

బుధవారం నాటికి అసలు సంగతి బోధపడింది. ఇది లాడీ ఎత్తుగడ. కాల్చకుండా ఊరుకుంటే పందులు బెదరవు, బెదరకపోతే కంచె దాటవు. అంటే తన పందుల్ని వాడు కాజేస్తున్నాడు. పదకొండేళ్లుగా ఈ పందులు నాశనమైపోతే చాలని మొక్కుకున్న మనిషి, అవి మూడు రోజులు కనిపించకపోయేసరికి దొంగతనం జరిగినట్టు ఉడికిపోయాడు. ఆ ఉడుకులో, తమ్ముడికి ఏమైనా అయిందేమోనన్న భయం కాసేపు అణిగింది. అణగడానికే ఉడుకు తెచ్చుకున్నాడు. ఆ సంగతి ఒప్పుకునేంత తెలివితక్కువవాడు కాదు.

బుధవారం రాత్రి బర్నీస్ వచ్చింది. గురువారం పొద్దున ఎడ్విన్ మంచె దిగి వచ్చేసరికి కొలాచీ రొట్టెల మీద ఆప్రికాట్ గుజ్జు పెడుతోంది.

"ఇవాళ లాడీ కాల్చలేదే?" అంది.

"సోమవారం నుంచీ లేదు."

బర్నీస్ చేతిలో చెంచా ఆగింది. "వెళ్లి చూశావా?"

"చూడ్డానికేముంది? రోజూ రేడియో వింటూనే ఉన్నా. వాడి పేరు రాలేదు."

"ఓరి భగవంతుడా! ఎవరో ఒకరు వెళ్లి చూస్తే కదయ్యా రేడియోవాళ్లకి తెలిసేది? ఆ ఇంట్లో ఉన్నది వాడొక్కడే. చచ్చిపడుంటే వాడే లేచెళ్లి పేరిచ్చి రావాలా?"

ఎడ్విన్ కిటికీలోంచి చూశాడు. కంచె అవతల, లాడీ ఇంటి వెనక తుప్పల మీద నాలుగైదు రాబందులు తిరుగుతున్నాయి. ఏడాదిగా లేనివి. తుపాకి మోగకుండా వచ్చినవి.

రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తే నాలుగు మైళ్లు. కారు తాళాలు వెతుక్కునే ఓపిక లేదు. పొలానికడ్డంపడి నడిచాడు, తరవాత పరిగెత్తాడు. పందేదైనా ఎదురుపడితే పనికొస్తుందని తీసుకున్న రైఫిల్‌లోంచి కంచె దగ్గర తూటాలు తీసేసి దాన్ని అవతలికి జార్చాడు. కంచె ఎక్కబోతే మోకాలు లేవలేదు. ఇక మిగిలింది బొరియ ఒక్కటే. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి మోకాళ్ల మీద, మోచేతుల మీద పాక్కుంటూ, చొక్కా ముళ్లకి చీరుకుంటూ, పంది బురదలో పందిలాగే తమ్ముడి నేల మీదకి ప్రవేశించాడు. ఇంతకాలం దాన్ని పూడ్చని తమ్ముణ్ణి మొదటిసారి మెచ్చుకున్నాడు.

తుప్పల దగ్గర ముక్కు మూసుకుని చూశాడు. ఆదివారం తను కొట్టిన ఆడపంది. తొడ కింద తగిలింది. ఈడ్చుకుంటూ తిరిగి తిరిగి, చివరికి అక్కడ పడి చచ్చింది. ప్రాణం లేచొచ్చినంత సంతోషం కలిగింది. వెంటనే ఆ సంతోషానికి సిగ్గేసింది కూడా.

వంటింటి తలుపు తీసే ఉంది. లాడీ బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా గురువారం వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని నిక్షేపంలా ఉన్నాడు.

"ఎవరది?" అన్నాడు తలెత్తి.

"ఎవరేంట్రా, నేను కనపడ్డంలా?"

"గొంతు మా ఎడ్డీలా ఉంది. కంపు మాత్రం పందిది."

"బొరియలోంచి వచ్చా. నీ వాటా బొరియ." ఎడ్విన్ ఆయాసపడుతూ గోడకి ఆనుకున్నాడు. బతికున్నాడన్న ఊరట అంతా కోపమైపోయింది. "ఏం రోగమొచ్చింది నీకు? సోమవారం నుంచి ఎందుకు కాల్చట్లేదు?"

"కాల్చి లాభమేముంది? పందులు కనపడవుగా. రెండు కళ్లలోనూ పొర. ఏడాదిగా చప్పుడొచ్చిన వైపు కాలుస్తున్నా."

"కనపడనివాడివి ఏడాదిగా ఎందుకు కాల్చావురా మరి?"

"ఎందుకంటే?" లాడీ ఇదేం ప్రశ్న అన్నట్టు మొహం పెట్టాడు. "మానేస్తే నేను పోయాననుకుంటావు కదా. అనవసరంగా పరిగెత్తుకొస్తావని."

ఎడ్విన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏడాది పొడుగునా పొద్దున్నే ఆ మోత విని, గురి తప్పిందని పకపకా నవ్వుకున్నవన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాడు పందిని గురి చూడనే లేదు. తన కోసం కాల్చాడు.

"కళ్లు చూపించుకోవచ్చుగా."

"చూపించుకున్నా. విక్టోరియా పట్నంలో. గంట పని, కోసి పొర తీసేస్తాం అన్నారు. కానీ ఇంటికి కారు నడుపుకెళ్లడానికి వెంట మనిషి ఉండాలట, లేకపోతే ముట్టుకోరట."

"చర్చి ఫాదర్‌ని అడక్కపోయావా?"

"కంచె అవతల సొంత అన్న ఉండగా ఫాదర్‌ని అడిగితే ఊరంతా ఏమనుకుంటుంది? నీ పరువేం కాను?"

"నా పరువు సంగతి నేను చూసుకుంటా. నాకు కబురు పెట్టాల్సింది."

"పెట్టాగా. సోమవారం నుంచీ పెడుతూనే ఉన్నా." లాడీ గొంతులో నిష్ఠూరం లేదు, లెక్క అప్పజెబుతున్నట్టు చెప్పాడు. "కాల్చడం ఆపేస్తే వస్తావని తెలుసు. ఒక్కరోజు చాలనుకున్నా మొదట. కానీ నువ్వు మొండివాడివి కదా, పోనీలే మూడు రోజులు పెట్టుకుందామని సోమవారమే ఆపేశా."

ఎడ్విన్ ఆ తెల్లచొక్కా వంక చూశాడు. వీపు దగ్గర నలిగిపోయి ఉంది. వేసుకుని చాలాసేపైనట్టుంది.

"ఆపరేషన్ ఎప్పుడురా?"

"నిన్న. పొద్దున తొమ్మిదింటికి. అయిదింటికే తయారై కూర్చున్నా."

ఏదో ఒకటి చెప్పాలి. "రోజూ రేడియో వింటూనే ఉన్నాన్రా," అన్నాడు ఎడ్విన్. అనేశాక ఆ మాట ఎంత దరిద్రంగా ఉందో తన చెవులకే తెలిసింది. ఇల్లు, పొలం, ఆ పందులూ అన్నీ ఇచ్చేసి నిన్నటి పొద్దు ఒక్కటి తిరిగి కొనుక్కోవాలనిపించింది.

"మళ్లీ ఎప్పుడిచ్చారు?"

"అక్టోబరు పదో తారీకు. దానికన్నా ముందు ఖాళీ లేదట." లాడీ బల్ల మీదకి వంగాడు. "అప్పుడు ఎన్ని రోజుల ముందు ఆపమంటావు? వారం చాలుతుందా?"

లాడీ వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగాడు. జవాబు కోసం అన్న మొహం ఉండాల్సిన వైపు చూస్తూ కూర్చున్నాడు.